చాపకూడు, చాయ్, మందీ

మా వెల్దుర్తి నుంచి హైదరాబాద్ సఫర్ అంటే మాచర్ల, సాగర్ మీదుగానే. ఒకప్పుడు కృష్ణ దాటితే మద్రాసు ఇలాకా పోయి నిజాం రియాసత్ వచ్చేది. 1956లో ఆ హద్దు చెరిగింది. 2014లో రెండు రాష్ట్రాల సరిహద్దుగా మళ్లీ వచ్చింది. మేం నలుగురు జిగ్రీ దోస్తులం చదువుకునే రోజుల నుంచీ ఈ దారినే షహర్ పోతున్నాం. ఇంట్లో చెప్పేది చార్మినార్. అసలు సంగతి ఖానా.

బిర్యానీ మజా గురించి రాస్తాననుకోకండి. ఎవరు ఎవరి పక్కన కూర్చుని తినొచ్చు అన్నదానికీ ఒక తారీఖ్ ఉంది.

మా పల్నాడులో అది 12వ శతాబ్దం దాకా పోతుంది. పల్నాటి యుద్ధం అనగానే కోడిపందెం, నాగమ్మ గుర్తొస్తారు. నాకు మాత్రం బ్రహ్మనాయుడి చాపకూడు పెద్ద సంగతి. కులం అడక్కుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. మాల కన్నమదాసును కొడుకులా చూసుకుని సేనానిని చేశాడు. వీరవిద్యావంతులు ఈ కథ ఇప్పటికీ పాడతారు. కార్తీక అమావాస్యకు మొదలయ్యే కారంపూడి ఉత్సవాల్లో చాపకూడు ఇప్పటికీ వడ్డిస్తారు.

ఉత్సవం ఏడాదికోసారి. మిగతా రోజుల మాటేంటి? మా నలుగురిలో ఒకడు దళితుడు. మేం చదువుకునేటప్పుడు మా వైపు ఒక టీ కొట్లో వాడికి గ్లాసు వేరు. తాగి, వాడే కడిగి పెట్టాలి. సాయిబునైన నాకు మామూలు గ్లాసే. హోటళ్లలోకి రానివ్వకుండా కులం పేరిట ఎవర్నీ ఆపకూడదని రాజ్యాంగం 15వ అధికరణం 1950 నుంచీ చెబుతూనే ఉంది. మేం ముగ్గురం అక్కడ చాయ్ మానేశాం. వాడు ఆ గ్లాసు గురించి ఒక్క మాటా అనేవాడు కాదు. "షహర్ పోదాం రా" అని ముందుగా అనేది మాత్రం వాడే.

షహర్లో ఇరానీ హోటల్ ఉంది కదా మరి. ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా వచ్చినవాళ్లు పెట్టిన హోటళ్లవి. ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నాటిది. మద్రాసు ఇలాకా కాఫీ హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే గది ఉన్న కాలం అది. ఇక్కడ పాలరాతి టేబుల్, ఖాళీ కుర్చీ కనిపిస్తే ఎదుట ఎవరున్నా కూర్చోవడమే. వన్ బై టూ చాయ్ చెబితే అదే చాయ్ ఇద్దరికి. ఇరానీలు సంస్కర్తలేం కాదు, అది కారోబార్. అయినా మేలు జరిగింది. ఆ మాటకొస్తే మాలో మాత్రం? ఒకే దస్తర్‌ఖాన్ అని గొప్పగా చెప్పుకుంటూనే దూదేకులవాళ్లను దూరం పెట్టిన ఇళ్లు నాకు తెలుసు.

తర్వాత మాకు బార్కస్ మందీ అలవాటైంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులోకి వచ్చిన అరబ్బుల బస్తీ అది. బారక్సే బార్కస్ అయింది. నేల మీద కూర్చుంటే మధ్యలో ఒకే పెద్ద తబక్ పెడతారు. నలుగురి చేతులూ అందులోనే. మొదటిసారి తిన్నప్పుడు మావాడు తన వైపు అన్నాన్ని వేలితో గీత గీసి వేరు చేసుకున్నాడు. ఎవరం ఏమీ అనలేదు. మాలో ఒకడు పెద్ద మాంసం ముక్క తుంచి సరిగ్గా ఆ గీత మీద పెట్టాడు.

ఇప్పుడు మందీ ఆంధ్రా పట్నాల్లోనూ దొరుకుతోంది. సాగర్ దాటక్కర్లేదు. వాడు మాత్రం ఇంకా షహరే పోదాం అంటాడు.