వ్యాపార వీధికి అలంకార దీపాలు: ఆర్డరు ఇచ్చే ముందు చూసుకోవలసినవి

అంబత్తూరు, ఆవడి, పోరూరు, వేలచ్చేరి వైపు వ్యాపారాలు చేసుకుంటున్న మనవాళ్లు ఈ మధ్య సంఘానికి వచ్చినప్పుడల్లా ఒక మాట అడుగుతున్నారు. పాండీ బజారులో ఉన్నట్టు మా వీధిలోనూ అందమైన దీపస్తంభాలు పెట్టించాలంటే ఎలా, ఏ రకం మంచిది, ఎంతవుతుంది అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు నాకు తెలిసినంతవరకు ఒకచోట రాసి పెడుతున్నాను. ధరలు మాత్రం రాయడం లేదు. ఈ నెల రాసింది వచ్చే నెలకు పనికిరాదు.

పాండీ బజారు అని మనం పిలిచేది సర్ త్యాగరాయ రోడ్డు. పిట్టి త్యాగరాయ చెట్టి గారు తెలుగువారు, మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులుగా పనిచేసినవారు. త్యాగరాయ నగర్ ఆయన పేరుదే. ఆ రోడ్డు చివరనున్న పానగల్ పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా కూడా మనవారే. ఆ రోడ్డును స్మార్ట్ సిటీ పథకం కింద పాదచారుల ప్లాజాగా మార్చి 2019 నవంబరులో ప్రారంభించారు. ఖర్చు సుమారు 40 కోట్ల రూపాయలు. కాలిబాటలు వెడల్పు చేశారు, బెంచీలు వేశారు, కార్లు కాలిబాట ఎక్కకుండా అడ్డుకంబాలు పాతారు, పాత చెట్లను అలాగే ఉంచారు. ఈ వరుసలో దీపాలు ఒక భాగం మాత్రమే. సాయంత్రం అక్కడికి వెళ్లి దీపాలు బాగున్నాయని మెచ్చుకునేవారు నిజానికి మెచ్చుకుంటున్నది వెడల్పాటి కాలిబాటను. మూడడుగుల కాలిబాట, దాని మీద రెండు బైకులు, ఒక జనరేటరు ఉన్న వీధిలో అదే దీపస్తంభం పాతితే నడిచేవాడికి ఉన్న దారి కూడా పోతుంది. అందుకని మొదట టేపు పట్టుకుని కాలిబాట కొలవండి. స్తంభం దిమ్మె పోను మనిషి నడవడానికి 1.8 మీటర్లు మిగలకపోతే స్తంభం ఆలోచన మానుకుని, గోడ అనుమతి తీసుకుని గోడకు బిగించే బ్రాకెట్ దీపాలు చూసుకోవడం మంచిది.

రెండో పని రోడ్డు ఎవరిదో కనుక్కోవడం. శివారు ప్రధాన రోడ్లు కొన్ని కార్పొరేషన్‌వి, కొన్ని రాష్ట్ర హైవేస్ శాఖవి. 2011లో చెన్నై కార్పొరేషన్ 174 నుంచి 426 చదరపు కిలోమీటర్లకు పెరిగినప్పుడు అంబత్తూరు, మాధవరం, ఆలందూరు వంటివి లోపలికి వచ్చాయి. ఆవడి, తాంబరం ఇప్పుడు వేరే కార్పొరేషన్లు. అర్జీ ఏ ఆఫీసుకు పెట్టాలో తెలియక తిరిగినవాళ్లను చూశాను. జోన్ ఆఫీసులో ఎలక్ట్రికల్ విభాగం ఇంజనీరును కలిస్తే ఒక పూటలో తేలే విషయం అది.

డబ్బు విషయంలో చాలామందికి తెలియని దారి తమిళనాడు ప్రభుత్వపు 'నమక్కు నామే' పథకం. ప్రజలు, వ్యాపారుల సంఘాలు పని అంచనాలో సాధారణంగా మూడింట ఒక వంతు కడితే మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. దీపాలను ఈ పథకం కింద తీసుకుంటారా అన్నది అర్జీ పెట్టే ముందే అడిగి రాతలో తీసుకోండి. వ్యాపారులు డబ్బు పెట్టినా స్తంభం కార్పొరేషన్ సొత్తే. కరెంటు బిల్లు, మరమ్మతు వారివే కావాలంటే నమూనా వారు ఆమోదించినదై ఉండాలి. మన డబ్బు కదా అని మనకు నచ్చిన స్తంభం మనమే పాతించేస్తే అది ఎవరి లెక్కలోకీ రాని స్తంభమవుతుంది. దీపం పోయిననాడు మార్చే నాథుడుండడు.

ఇప్పుడు దీపం సంగతి. ఎంత వెలుతురు కావాలన్నదానికి మన దేశంలో ఐఎస్ 1944 అనే ప్రమాణం ఉంది. అధిక రద్దీ, వేగం ఉన్న ప్రధాన రోడ్లకు సగటున 30 లక్స్, ఇతర ప్రధాన రోడ్లకు 15, దుకాణాల వీధులకు 8, చిన్న వీధులకు 4. దుకాణాల వీధికి ఎనిమిదే చాలునంటే మనవాళ్లు నమ్మరు. షాపు ముఖద్వారం దగ్గర అంతకు ఎన్నో రెట్ల వెలుతురు ఉంటుంది కాబట్టి ఎనిమిది చీకటిలా తోస్తుంది. కానీ షట్టర్లు దించాక అక్కడికి వెళ్లి చూడండి. రాత్రి పదకొండింటికి ఆఖరి బస్సు దిగి ఇంటికి నడిచే ఆడపిల్లకు, తెల్లవారుజామున పూలబుట్టతో వచ్చే ఆవిడకు ఎదుటి మనిషి ముఖం కనిపించడం ముఖ్యం. వీధి దీపం వాళ్ల కోసం. అందువల్ల ఒక్కచోట ఎక్కువ వెలుతురు కంటే అంతటా సమానంగా ఉండటం మేలు. అదే ప్రమాణం దుకాణాల వీధిలో అతి తక్కువ వెలుతురు ఉన్నచోటు కూడా సగటులో 0.3 వంతుకు తగ్గకూడదంటుంది. ఇంజనీరు కాగితం మీద సగటు ఒక్కటే చూపిస్తే ఈ రెండో అంకె కూడా అడగండి.

అలంకార స్తంభాలు మామూలుగా 4 నుంచి 5 మీటర్ల ఎత్తు ఉంటాయి. వాటిని 15 మీటర్లకు ఒకటి చొప్పున పెట్టాలి. 500 మీటర్ల వీధిలో ఒక వైపు 34, రెండు వైపులా 68. ఒక్కొక్కటి 40 వాట్ల ఎల్‌ఈడీ అనుకుని రాత్రికి 12 గంటలు వేస్తే ఏడాదికి సుమారు 11,900 యూనిట్లు. అమ్మేవాడు ఊరించి 90 వాట్లది అంటగడితే అదే లెక్క 26,800 దాటుతుంది. ఈ స్తంభాలు కాలిబాటకే చాలుతాయి. రోడ్డు మధ్యకు పెద్ద స్తంభాలు వేరే ఉండాలి. ఉన్న పెద్ద స్తంభాలు తీసేసి ఇవి పెట్టమని అడిగిన ఒక వీధిలో ఆటోలు, లారీలు నడిచే భాగం చీకటైపోయి మళ్లీ పాతవి తెప్పించుకున్నారు.

చెట్లున్న వీధిలో పొట్టి స్తంభం ఒక వరం. దీపం కొమ్మల కింద ఉంటుంది కాబట్టి ఆకులు వెలుతురును మింగవు. పాండీ బజారు మీద నిద్రగన్నేరు చెట్ల నీడను చూసినవారికి ఇది తెలుస్తుంది.

ఆకారాల విషయానికొస్తే, గుండ్రని తెల్ల గోళాల దీపం వద్దని నా గట్టి అభిప్రాయం. కేటలాగులో అదే అందంగా కనిపిస్తుంది. కానీ వెలుతురులో పెద్ద భాగం ఆకాశానికి పోతుంది, నడిచేవారి కళ్లలో కొడుతుంది. మన ఎండకు ప్లాస్టిక్ గోళం కొన్నేళ్లలో పచ్చబడుతుంది. తొలివానలకు ఉసిళ్లు వచ్చి లోపల చేరితే నల్లటి అడుగు కనిపిస్తుంది, తుడిచేవాడుండడు. పైన మూత ఉండి వెలుతురును కిందికి మాత్రమే పంపే లాంతరు తరహా దీపం తీసుకోండి. దీపం గూడు ఐపీ 66 అయి ఉండాలి, అంటే దుమ్ము, ఒత్తిడితో పడే నీరు లోపలికి పోనిది.

రంగు విషయం పట్టుచీరల దుకాణం నడిపేవారికి వేరే చెప్పక్కర్లేదు. చీర రంగు చూడటానికి కొనేవారు దాన్ని పట్టుకుని గుమ్మం బయటికి వెళ్లడం రోజూ చూస్తారు. పాత సోడియం దీపాల కింద ఎరుపు మట్టిరంగుగా కనిపించేది. అలంకార దీపానికి 3000 కెల్విన్ లేత పసుపు రంగు, రంగుల స్పష్టతను చెప్పే సీఆర్ఐ అంకె 80కి తగ్గకుండా చూసుకుంటే చాలు. 6500 కెల్విన్ తెలుపు ఆసుపత్రి వరండాలా ఉంటుంది. వీధి పొడవునా ఒకే రంగు ఉండాలి. ఒకటి తెలుపు, ఒకటి పసుపు అయితే ఎంత ఖరీదైన స్తంభమైనా వెలవెలబోతుంది.

అన్నిటికంటే నేను ఎక్కువ పట్టుబట్టేది కరెంటు భద్రత. వానాకాలం మోకాలి లోతు నీళ్లలో దీపస్తంభాన్ని పట్టుకుని ప్రాణాలు పోయిన వార్తలు మన ఊళ్లో ప్రతి ఏడూ చదువుతున్నాం. అలంకార స్తంభం మామూలుదానికంటే ప్రమాదం. అది కాలిబాట మధ్యలో, చేతికందే ఎత్తులో ఉంటుంది, పిల్లలు పట్టుకుని తిరుగుతారు, పెద్దవాళ్లు ఆనుకుంటారు. వైర్లు కలిపే పెట్టె చాలా నమూనాల్లో స్తంభం అడుగున, నేల నుంచి అడుగు ఎత్తులో చిన్న తలుపు వెనక ఉంటుంది. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోనూ మీ వీధిలో నీరు ఎంతవరకు వచ్చిందో గోడ మీద గుర్తు పెట్టి, ఆ గుర్తుకు పైన పెట్టె ఉండేలా చేయించండి. ప్రతి స్తంభానికీ ఐఎస్ 3043 ప్రకారం ఎర్తింగ్ ఉండాలి. లీకేజీ కరెంటును పసిగట్టి సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ స్విచ్ ఉండాలి. ఒకే లైను మీద యాభై దీపాలు పెడితే చిన్న చిన్న లీకేజీలన్నీ కలిసి ఆ స్విచ్ ఊరికే పడిపోతుంటుంది, విసుగొచ్చి ఎలక్ట్రీషియన్ దాన్ని తీసేసి నేరుగా కలిపేస్తాడు. అందుకే లైన్లు చిన్నవిగా విడగొట్టమనాలి. ఎర్తింగ్ కొలత కాగితం ఏటా వానలకు ముందు, సెప్టెంబరులో, అడిగి తీసుకోండి.

దీనికి తోడు వినాయక చవితి, ఆడి నెల అమ్మవారి తిరునాళ్లు వస్తే సీరియల్ లైట్లకు కరెంటు ఎక్కడినుంచి లాగుతారో మనకు తెలియనిది కాదు. స్తంభం తలుపు పగలగొట్టి లాగుతారు. వద్దని బోర్డు పెట్టడం కంటే, పైన తాళం వేసిన సాకెట్ ఒకటి వేరే ఫ్యూజుతో ఇప్పించడం తెలివైన పని.

తరువాతది గాలి. భవనాలు, స్తంభాల లెక్కలకు వాడే ఐఎస్ 875లో చెన్నైకి మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను వెళ్లాక మన వీధుల్లో చెట్లతో పాటు స్తంభాలు ఎన్ని ఒరిగాయో గుర్తుండే ఉంటుంది. విశాఖ తుపాను ఊరే. అక్కడ 2014 హుద్‌హుద్ తరువాత 90 వేలకు పైగా వీధి దీపాలను ఈఈఎస్ఎల్ సంస్థ ద్వారా ఎల్‌ఈడీలుగా మార్చారు. మీరు కొనే స్తంభానికి నగిషీలు, కొమ్మలు, రెండు మూడు లాంతర్లు ఎన్ని ఎక్కువైతే గాలి పట్టు అంత ఎక్కువ. ఆపైన పండుగ బ్యానర్లు కడతారు. గాలి లెక్క వేసి ఇంజనీరు సంతకం పెట్టిన కాగితం సరఫరాదారు ఇవ్వాలి. ఇవ్వలేనివాడి దగ్గర కొనకండి.

ఉప్పుగాలి గురించి ఒక్క మాట. ఇనుప స్తంభానికి వేడి జింకులో ముంచిన గాల్వనైజింగ్ చేసి, దాని మీద పౌడర్ కోటింగ్ చేయించాలి. రంగు మాత్రమే వేస్తే నేల దగ్గర, కుక్కలు, చేపల నీళ్లు తగిలేచోట మొదట తినేస్తుంది. స్తంభం పడేది అక్కడే.

ఇక విడిభాగాలు. నాకు తెలిసిన ఒక వీధిలో వ్యాపారులంతా చందాలేసుకుని చాలా అందమైన దీపాలు తెప్పించారు. మూడేళ్లకు ఆ తయారీదారు కొట్టు కట్టేశాడు. పగిలిన అద్దానికి అద్దం దొరకలేదు. ఇప్పుడు ఆ వీధిలో నాలుగు రకాల దీపాలున్నాయి, కొన్ని స్తంభాలకు తలే లేదు. కాబట్టి లోపలి ఎల్‌ఈడీ పలక, డ్రైవరు బజారులో దొరికే మామూలు కొలతలవై ఉండాలి. వందకు ఐదు చొప్పున పూర్తి దీపాలు అదనంగా కొని కార్పొరేషన్ గోదాములో రసీదుతో ఉంచాలి. గ్యారంటీ ఐదేళ్లు రాతలో ఉండాలి.

జీవితమంతా ఫైళ్లతో గడిపినవాణ్ణి కనుక ఇది కూడా చెప్పాలి. కోల్‌కతాలో పదేళ్లకు పైగా క్రితం మూడు తలల త్రిఫల దీపాలు నగరమంతా పెట్టారు. అందం సంగతి ఎలా ఉన్నా, పనిని చిన్న ముక్కలుగా విడగొట్టి టెండరు నిబంధన తప్పించారని ఆడిట్ అభ్యంతరం వచ్చింది. మన చందాల విషయంలోనూ అంతే. మూడు కొటేషన్లు, తీర్మానం, రసీదు పుస్తకం, బ్యాంకు ఖాతా. దాతల పేర్లు స్తంభం మీద రాయించమని అడుగుతారు. అన్నిటి మీదా రాయకుండా, వీధి మొదట్లో ఒకే రాతి ఫలకం మీద అందరి పేర్లూ వేయండి, తమిళం పక్కన తెలుగులోనూ.

కేటలాగు చూసి అరవై స్తంభాలు ఒకేసారి ఆర్డరు ఇవ్వకండి. రెండు నమూనా స్తంభాలు పాతించి, ఐప్పసి, కార్తీక వానలు దాటనివ్వండి. ఒక రాత్రి షట్టర్లు దించాక ఇంట్లో ఆడవాళ్లను, వయసు పైబడినవారిని తీసుకెళ్లి చూపించి వారేమంటారో వినండి. ఆర్డరు ఇచ్చేటప్పుడు ప్రతి స్తంభం మీదా నంబరు కంటికి ఎదురుగా, పెద్ద అక్షరాల్లో వేయించండి. దీపం వెలగనప్పుడు కార్పొరేషన్ 1913 నంబరుకు ఫోన్ చేసి ఆ నంబరు చెబితే, వెతుక్కునే పని లేకుండా మనిషి నేరుగా వస్తాడు.