పై తరగతికి పాస్ మార్కులెన్ని?

పరోపకారమైతే 51 శాతం ఉంటే చాలు. స్వార్థమైతే 95 శాతం ఉండాలి. ఈ రెండింటిలో ఏ గీత దాటినా ఆత్మ పై తరగతికి వెళ్తుంది. ఏదీ దాటని గోడమీద పిల్లి మాత్రం సుమారు పాతికవేల ఏళ్ళ చక్రం మళ్ళీ మొదటి నుంచి తిరగాలి. 1981 జనవరిలో అమెరికాలోని లూయీవిల్‌లో 'రా' అనే అశరీరవాణి పేరుతో మొదలైన బోధలో లెక్క ఇది. కార్లా రూకర్ట్ అనే ఆవిడ ఒళ్ళు తెలియని స్థితిలో మంచం మీద పడుకునేది. దగ్గర్లో తెరిచిన బైబిల్, తెల్ల కొవ్వొత్తి, ధూపం, పాత్రలో నీళ్ళు ఉండేవి. డాన్ ఎల్కిన్స్ ప్రశ్నలు అడిగేవాడు. ఆవిడ నోటివెంట వచ్చిన జవాబుల్ని జిమ్ మెకార్టీ టేపు విని కాగితం మీద పెట్టేవాడు. 1984లో ఎల్కిన్స్ చనిపోయేదాకా ఇలాంటి సిట్టింగులు నూరుకు పైనే జరిగాయి.

ఈ వడపోతకు వాళ్ళు పెట్టుకున్న పేరు హార్వెస్ట్. బాపట్ల వైపు పిట్టలవానిపాలెం రైతుకు చెబితే కుప్పనూర్పిడి అనుకుని ఊరుకుంటాడు. కానీ ఇందులో తాలు ఎవరన్న దగ్గరే తిరకాసు ఉంది. దుర్మార్గుడు తాలు కాదట, ఎటూ తేల్చుకోనివాడే తాలట.

మన పురాణాలు విన్నవాళ్ళకు ఇది మరీ కొత్త కాదు. వైకుంఠ ద్వారపాలకులు జయవిజయులు ఏడు జన్మల మైత్రి వద్దని మూడు జన్మల వైరం కోరుకున్నారని హరికథల్లో చెబుతారు. హిరణ్యకశిపుడు, రావణుడు, శిశుపాలుడు పగతోనే గట్టెక్కారు. భాగవతం ఏడో స్కంధంలో నారదుడు ధర్మరాజుకు చెప్పిందీ ఇదే: గోపికలు కామంతో, కంసుడు భయంతో, శిశుపాలుడు వైరంతో హరిని చేరారని. అయితే శిశుపాలుడి పగ కూడా రాత్రింబవళ్ళు కృష్ణుడి చుట్టూనే తిరిగింది. లూయీవిల్ లెక్కలో స్వార్థపరుడి చూపు తన మీదే. పైకి ఒకలా కనిపించే ఈ రెండింటినీ ఒక గాట కట్టడం నాకు ఒప్పుదలగా లేదు.

మరి కంటికి కనపడని గురువులు దూరం నుంచి పాఠాలు పంపడం, ఆత్మలకు తరగతులు కట్టడం ఎక్కణ్ణుంచి వచ్చాయి? దారి వెతుక్కుంటూ వెళ్తే అది మన కాలవగట్టు మీదికే వస్తుంది. 1882 మే నెలలో దివ్యజ్ఞాన సమాజం స్థాపకులు బ్లావట్‌స్కీ, కల్నల్ ఆల్కాట్ మద్రాసు నుంచి బకింగ్‌హాం కాలవలో పడవ మీద నెల్లూరు వచ్చారు. అక్కణ్ణుంచి పెదగంజాం దాకా మళ్ళీ పడవ, ఆపైన పల్లకీల్లో గుంటూరు. తిరిగి వెళ్ళాక చూసిన అడయారు తోటే ఆ ఏడాది డిసెంబరుకల్లా ఆ సమాజానికి స్థావరమైంది. హిమాలయాల మహాత్ములు రాసినట్టు చెప్పిన ఉత్తరాలు బ్లావట్‌స్కీ సొంత తయారీయేనని 1885లో లండన్ పరిశోధకులు నివేదిక ఇచ్చారు. నమ్మినవాళ్ళు నమ్మడం మానలేదు. 1919 నుంచి ఆలిస్ బెయిలీ, ఒక టిబెటన్ గురువు చెబుతుంటే తాను రాస్తున్నానంటూ ముప్ఫై ఏళ్ళపాటు గ్రంథాలు వెలువరించింది. దీక్షకు ముందు శిష్యుడు ఏయే మెట్లు ఎక్కాలో వాటిలో వివరంగా ఉంటుంది.

1910 తెలుగువాళ్ళకు ఈ విషయంలో వింత సంవత్సరం. మదనపల్లెలో పుట్టిన కుర్రాడు జిడ్డు కృష్ణమూర్తి, నిద్రలో గురువు నేర్పిన పాఠాలంటూ, ఆల్కియోనీ పేరుతో వెలువడిన పుస్తకంలో అర్హతలు నాలుగని చెప్పాడు. అవి శంకర వేదాంతంలోని సాధన చతుష్టయానికి కొత్త రూపం. 1929లో తన కోసం పెట్టిన సంస్థనే రద్దుచేసి ఆ మెట్లన్నీ వద్దన్నాడు కూడా. అదే 1910లో, మే 29న, కుంభకోణంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబానికి చెందిన సి.వి.వి. తన తారక రాజయోగం మొదలుపెట్టారు. ముందు కర్మ తీరాలి, యమనియమాలు పట్టుబడాలి అనలేదాయన. ఉదయం ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ తన పేరు తలిస్తే చాలన్నారు. ప్రవేశ పరీక్షనే ఎత్తేశారన్నమాట. పండితుడు వేటూరి ప్రభాకరశాస్త్రి ఆ యోగంలో చేరి తన అనుభవాలు రాసుకున్నారు.

పిట్టలవానిపాలెం మండలంలోనే ఉన్న చందోలులో పద్ధతి వేరు. శ్రీవిద్యోపాసకులు తాడేపల్లి రాఘవనారాయణశాస్త్రిగారి ఊరది. ఆ విద్యలో బాల, పంచదశి, షోడశి అంటూ మంత్రం అంచెలంచెలుగా అందుతుంది. ఎవరికి ఎప్పుడు ఏది ఇవ్వాలో గురువే చూసుకుంటాడు. శాతాలు లేవు, ఎదురుగా కూర్చున్న మనిషి ఉన్నాడు.

సి.వి.వి. యోగాన్నీ, బ్లావట్‌స్కీ, బెయిలీ పుస్తకాల్నీ, మన పురాణాల్నీ ఒకచోట కలిపినవారు 1926లో బాపట్లలో పుట్టిన ఎక్కిరాల కృష్ణమాచార్య. విశాఖ ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు చెబుతూ 1971లో వరల్డ్ టీచర్ ట్రస్టు పెట్టారు. తర్వాత యూరప్‌లో, బెయిలీని ముందే చదివినవాళ్ళ మధ్య మాట్లాడారు. ఆయన అనుచరుల దగ్గర ధ్యానం ఎంత ముఖ్యమో ఉచిత హోమియో వైద్యమూ అంతే. ఎల్కిన్స్ పోయిన 1984లోనే ఆయనా పోయారు. లూయీవిల్ భాషలో ఆ ఉచిత వైద్యం పరోపకారం కిందికే వస్తుంది, కాకపోతే శాతం కొలవడానికి ఎవరూ కూర్చోలేదు.

బాపట్ల నుంచి పొన్నూరు వైపు వెళ్తూ ఏడోమైలు దగ్గర దిగితే జిల్లెళ్ళమూడి. అక్కడ అందరూ అమ్మ అని పిలిచిన ఆవిడ ఈ చర్చనంతా ఒక్క తోపుతో పక్కకు నెట్టేసింది. మంచివాడు, చెడ్డవాడు అన్న తేడా లేకుండా చివరికి అందరికీ మంచి గతే అన్నది ఆవిడ మాట. 1958 ఆగస్టు 15న అన్నపూర్ణాలయం తెరిచి, వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టించింది. కృష్ణమాచార్యగారి తమ్ముడు ఎక్కిరాల భరద్వాజ అన్నగారి దారి పట్టలేదు. జిల్లెళ్ళమూడి అమ్మ దగ్గరికి వెళ్ళివచ్చారు, ఆ తర్వాత షిరిడీ సాయిబాబా చరిత్రను తెలుగు ఇళ్ళకు చేర్చే పనిలో పడ్డారు.