బురదలో దిగబడిన కారును తీసే పాతకాలపు సాధనాలు

మోటారు కార్ల తొలినాళ్లలో, బురదలో దిగబడిన బండిని బయటికి తీయడానికి డ్రైవర్లు కొంత సామగ్రి వెంట పెట్టుకుని తిరిగేవారు. టైరు గొలుసులు, మోకు, కప్పీలు, చక్రాలకు బిగించే డ్రమ్ములు, చేతి వించీలు, ఇనుప గూటాలు, పార, గొడ్డలి, జాకీ అందులో ముఖ్యమైనవి. ఈ సామగ్రి బాగా అమ్ముడుపోయింది అమెరికాలో, సుమారు 1900 నుంచి 1925 మధ్య. అక్కడి రోడ్లే అందుకు కారణం. 1904లో ఆ దేశపు ప్రభుత్వ రోడ్ల కార్యాలయం లెక్క తీస్తే పల్లె ప్రాంతాల్లో దాదాపు 21.5 లక్షల మైళ్ల దారి తేలింది. అందులో కంకరో రాయో ఏదో ఒకటి పరిచినది 1.54 లక్షల మైళ్లే. మిగిలిన 93 శాతం వట్టి మట్టిబాట.

ఆ మట్టి కూడా సామాన్యమైంది కాదు. అయోవా, మిస్సోరి, నెబ్రాస్కా రాష్ట్రాల్లో వాన పడితే నేల జిగురుముద్ద అవుతుంది. దాన్ని అక్కడివారు ‘గంబో’ అంటారు. నల్లరేగడిలో బండి తోలినవారికి దీని సంగతి వేరే చెప్పనక్కర్లేదు. చక్రానికి పట్టిన మట్టి ఊడిరాదు, ఒక పొర మీద మరో పొర చేరి చివరికి మడ్గార్డుకీ టైరుకీ మధ్య సందు పూడిపోతుంది.

బండి ఎందుకు కదలదు

అప్పటి టైర్లు చాలావరకు నున్నటివి. ఐరోపాలో మిషెలిన్ కంపెనీ 1905లో ఇనుప మేకులు దిగ్గొట్టిన తోలు పట్టీతో టైరు చేసింది. అమెరికాలో గాడ్లు తీసిన టైర్లు ఆ తర్వాత వచ్చాయి. అసలు చిక్కు మాత్రం వెనక ఇరుసులోని డిఫరెన్షియల్‌ది. మలుపులో రెండు వెనక చక్రాలు వేరు వేరు వేగాలతో తిరగడానికి పెట్టిన ఏర్పాటు అది. ఒక చక్రం బురదలో పట్టు తప్పితే అదే గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీద ఉన్న రెండోది కదలకుండా నిలిచిపోతుంది. డ్రైవరు కంగారుపడి ఇంజను వేగం పెంచేకొద్దీ తిరిగే చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. ఇరుసు నేలకు ఆనాక ఇంజనుతో ఇక పని జరగదు. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టీ పల్లెల్లో అంతగా చెల్లడానికి దాని ఎత్తు ఒక కారణం. నేలకూ బండి అడుగుకూ మధ్య దాదాపు 10 అంగుళాల ఖాళీ ఉండేది. ముందుకూ వెనక్కూ నడిపే పెడళ్లు పక్కపక్కనే ఉండటంతో బండిని ఊయలలా ఊపి గాడిలోంచి తప్పించడం కూడా వీలయ్యేది.

గొలుసులు

ఈ సాధనాల్లో నేటికీ బతికి ఉన్నవాటిలో ఒకటి టైరు గొలుసు. న్యూయార్క్ రాష్ట్రంలోని కానస్టోటా వాసి హ్యారీ వీడ్ దీనికి 1904 ఆగస్టులో పేటెంటు పొందాడు. జారకుండా ఉండటానికి జనం టైర్ల చుట్టూ తాళ్లు చుట్టుకోవడం చూసి అతనికి ఈ ఆలోచన తట్టిందని చెబుతారు. టైరుకు లోపలి వైపున ఒక గొలుసు, బయటి వైపున ఒకటి, ఆ రెండింటినీ కలుపుతూ టైరు మీదుగా అడ్డంగా పొట్టి గొలుసులు. నిర్మాణం ఇంతే. దీన్ని బిగించి కట్టకూడదు. కొద్దిగా వదులుగా ఉంటే చక్రం తిరుగుతున్నప్పుడు గొలుసు మెల్లగా జరుగుతూ ఉంటుంది, రబ్బరు ఒకేచోట అరగదు.

1909లో నలుగురు మహిళలు న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 59 రోజుల్లో కారులో వెళ్లారు. మాక్స్‌వెల్ కారు నడిపినది 22 ఏళ్ల ఆలిస్ రామ్సే. మిగతా ముగ్గురికీ డ్రైవింగు రాదు. అయోవా బురదలో ఆమెకు ఆసరా అయినవి వెనక చక్రాలకు కట్టిన గొలుసులు. అయితే గొలుసు ముందుజాగ్రత్త సాధనమే తప్ప చికిత్స కాదు. ఇరుసు దాకా మునిగిన చక్రానికి బురదలో పడుకుని గొలుసు తొడగడం ఎంత పనో చేసినవారికే తెలుసు.

మోకు, కప్పీ

మునిగిపోయిన బండికి నా లెక్కన అన్నిటికంటే నమ్మకమైన సాధనం ఓడల మీద, పశువుల కొట్టాల్లో ఎప్పటి నుంచో ఉన్న కప్పీల జత. ఒక కప్పీని చెట్టుకు, రెండోదాన్ని బండికి కట్టి మధ్యలో మోకును అయిదు వరుసలు తిప్పితే ఒక మనిషి లాగిన బలం దాదాపు అయిదింతలవుతుంది. రాపిడికి పోయేది కొంత పోతుంది. దానికి బదులుగా బండి ఒక అడుగు కదలాలంటే అయిదు అడుగుల మోకు లాగాలి.

అమెరికాను కారులో మొదట అడ్డంగా దాటిన హొరేషియో నెల్సన్ జాక్సన్‌ను గట్టెక్కించింది ఇదే. 50 డాలర్ల పందెం కాసి, సెవాల్ క్రాకర్ అనే మెకానిక్‌తో 1903 మే 23న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరాడు. బడ్ అనే కుక్క దారిలో వారితో చేరింది. 20 అశ్వశక్తి విన్టన్ కారు అది. వాగుల్లో, బురదగుంటల్లో ఆగిన ప్రతిసారీ కప్పీలు దించి, మోకు కట్టి, లాగి, మళ్లీ మడిచి పెట్టుకుంటూ 63 రోజులకు న్యూయార్క్ చేరారు. ఆ కారు ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

మైదానాల్లో చెట్టు దొరకదు. అప్పుడు ఇనుప గూటాలే దిక్కు. గూటాన్ని నిలువుగా కాకుండా తల బండికి ఎదురు దిక్కుకు వాలేలా కొట్టాలి. ఒకటి చాలకపోతే దాని వెనక మరొకటి కొట్టి, ముందుదాని తలను వెనకదాని మొదలుకు కట్టాలి. నేల మరీ మెత్తగా ఉంటే గుంత తవ్వి దుంగనో, అదనపు చక్రాన్నో అడ్డంగా పాతిపెట్టి దాని నడుముకు మోకు కట్టేవారు.

ఇవేవీ లేనివారికి రైతు, అతని గుర్రాలు. ‘గుర్రాన్ని కొనుక్కో’ అని కారువాళ్లను చూసి కేకలేసిన కాలమది. కొందరు రైతులు రాత్రిపూట గుంటల్లో నీళ్లు పోసి, పగలు లాగుడు కూలి తీసుకునేవారన్న మాట ఊరూరా వినబడేది.

ఇంజను బలంతోనే

మనిషి ఎందుకు లాగాలి, 20 అశ్వశక్తి ఇంజను ఊరికే తిరుగుతుంటే? ఈ ప్రశ్న నుంచి పుట్టినవి చక్రాల డ్రమ్ములు. వెనక చక్రం ఆకులకు చిన్న డ్రమ్ము బిగించి, దానికి తాడు తగిలించి, రెండో కొసను ముందున్న గూటానికి కట్టి, తక్కువ గేరులో ఇంజను నడిపితే తాడు డ్రమ్ముకు చుట్టుకుంటూ బండిని ముందుకు లాగుతుంది. మోడల్ టీ వెనక చక్రం 30 అంగుళాలది. డ్రమ్ము 6 అంగుళాలదైతే తాడు మీద పడే లాగుడు, టైరు అంచు దగ్గరి తోపుకు అయిదింతలు.

రెండు సంగతులు మాత్రం మరవకూడదు. తాడు డ్రమ్ము కింది వైపు నుంచి ముందుకు పోవాలి. పైనుంచి తీస్తే చుట్టుకోదు, విడిపోతుంది. డ్రమ్ములు రెండు చక్రాలకూ ఉండాలి. ఒకదానికే కడితే ఆ డిఫరెన్షియల్ మళ్లీ అడ్డం తిరిగి, తాడు లేని చక్రాన్ని తిప్పుతూ కూర్చుంటుంది.

పళ్లచక్రాలతో, మర తిప్పే పిడితో, ఉక్కు తాడుతో చేతి వించీలు కూడా వచ్చాయి. ‘పుల్-యు-అవుట్’ అనే పేరుతో ఒకటి పత్రికా ప్రకటనల్లో కనిపించేది. ఒంటరిగా ప్రయాణించేవారికి అది నిజంగా మేలైన వస్తువు, బరువొక్కటే ఇబ్బంది. టైరుకు బిగించే ఇనుప కొక్కేలు నాకు మెచ్చదగినవిగా తోచవు. బురదలో బాగానే కరిచి పట్టేవి, గట్టి నేల తగలగానే విప్పకపోతే చక్రానికి దెబ్బే.

పందేల్లో, సైన్యంలో, ఎడారిలో

1907 పెకింగ్-పారిస్ పరుగులో గెలిచిన బోర్గీసే యువరాజు తన ఇటాలా కారుకు మామూలు మడ్గార్డులు తీయించి పొడవాటి ఇనుప పలకలు పెట్టించాడు. కాలవ అడ్డం వస్తే ఊడదీసి వంతెనగా పరవవచ్చు. మరుసటి ఏడు న్యూయార్క్-పారిస్ పందెంలో తూర్పు సైబీరియా దగ్గర జర్మనీ ప్రోటోస్ కారు బురదలో దిగబడితే, పోటీదారులైన అమెరికా థామస్ ఫ్లయర్ బృందమే ఆగి తాడు కట్టి లాగింది. జర్మన్ బృందనాయకుడు షాంపేన్ సీసా తెరిచి వారికి పోశాడు.

1919లో అమెరికా సైన్యం 81 వాహనాలను వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 62 రోజుల్లో నడిపించింది. మిలిటర్ అనే వించి ట్రాక్టరు దిగబడిన లారీలను ఒక్కొక్కటిగా లాగుతూ వచ్చింది. ఆ బృందంలో యువ అధికారిగా ఉన్న ఐసెన్‌హోవర్ తర్వాత అధ్యక్షుడై 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టంపై సంతకం చేశాడు.

ఇసుకలో పద్ధతి వేరు. ఈజిప్టు ఎడారిలో ఫోర్డు కార్లతో తిరిగిన రాల్ఫ్ బాగ్నోల్డ్, మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల కప్పులకు చేసిన ఉక్కు దోనెలను కైరో పాతసామాన్ల అంగట్లో చూసి, చక్రాల కింద పరవడానికి పనికొస్తాయని పట్టుకున్నాడు. నేటి ప్లాస్టిక్ పలకలు వాటి వారసులే.

మరుగు

ఈ సామగ్రిని ఓడించింది దానికంటే మెరుగైన సాధనం కాదు, రోడ్డు. 1916, 1921 సంవత్సరాల్లో వచ్చిన కేంద్ర చట్టాలతో పక్కా దారుల పని ఊపందుకుంది. ‘అయోవాను బురదలోంచి తీయండి’ అన్నది ఆ రాష్ట్రంలో ఏకంగా ఉద్యమ నినాదమైంది. మరోవైపు టెనెసీలోని చట్టనూగాలో ఎర్నెస్ట్ హోమ్స్, వాగులో పడ్డ ఒక మోడల్ టీని మోకులతో, మనుషులతో తీయడానికి పడిన అవస్థ తర్వాత 1916లో పాత కాడిలాక్ కారు మీద స్తంభాలు, కప్పీ, గొలుసు బిగించి లాగుడు బండి చేశాడు. అప్పటి నుంచి ఎవరి కప్పీలు వాళ్లు మోసుకుతిరిగే అవసరం తగ్గుతూ వచ్చింది.

పాత కార్లు సేకరించేవారి దగ్గర ఇవి నేటికీ దొరుకుతాయి. వాటిని చూసుకోండి, తుడిచి దాచుకోండి, నడిచే తీరు పిల్లలకు చూపించండి. నూరేళ్ల నాటి మోకుకు, ఉక్కు తాడుకు మాత్రం బండి బరువు అప్పగించకండి. లాగేటప్పుడు కొత్త తాడు వాడండి, దాన్ని బండి చట్రానికే కట్టండి, అది తెగితే విసిరికొట్టే వరుసలో ఎవరినీ నిలబడనివ్వకండి.