కణేకల్: ఒక పక్క ఇసుక దిబ్బలు, ఇంకో పక్క వరి మళ్లు

మదనపల్లె, పీలేరు వైపు నుంచి గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లకు ఇసుక దిబ్బలు కొత్త కాదు. ఇంట్లోవాళ్లకు చూపించాలంటే మాత్రం వీసా అక్కర్లేదు. అనంతపురం జిల్లా కణేకల్, బొమ్మనహాళ్ మండలాల్లో వేదావతి నది పక్కనే ఉన్నాయి. ఈ నదికే హగరి అని ఇంకో పేరు.

ఏడాదిలో ఎక్కువ రోజులు ఏరు ఎండిపోయే ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి గట్టిగా వీచి, ఆ ఇసుకను ఎత్తి పొలాల మీద పోస్తుంది. గోవిందవాడ లాంటి ఊళ్లలో సాగుభూములు ఇలాగే ఇసుక పాలయ్యాయి. పాస్‌బుక్‌లో ఎకరాలు తగ్గవు, పంటే ఉండదు. అడ్డంగా చెట్లు పెంచితే ఇసుక జోరు కొంత తగ్గుతుంది.

అదే కణేకల్‌లో పెద్ద చెరువుంది. తుంగభద్ర ఎగువ కాలువ, అంటే అందరూ పిలిచే హెచ్చెల్సీ, నీళ్లతో దాని కింద వరి పండుతుంది. ఒయాసిస్సు అంటే మనకు ఇదే.

తిరుపతి నుంచి రైల్లో గుంతకల్, అక్కణ్నుంచి రాయదుర్గం చేరితే కణేకల్ దగ్గరే. చలికాలంలో, పొద్దున్నే వెళ్లడం మంచిది. పిల్లలుంటే గాలి నెలల్లో వద్దు, కళ్లల్లో ఇసుక పడుతుంది. నీళ్లు వెంట తీసుకెళ్లండి. దిబ్బ పక్క చేలల్లోకి బండి దింపకండి, అక్కడ ఇంకా విత్తనం వేసే రైతులున్నారు.