శాలిహోత్రుడి ఊరి నుంచి తిరుత్తణి మెట్ల దాకా

తిరువళ్లూరు గుడిలో వీరరాఘవస్వామి శయనించి ఉంటాడు. కుడిచెయ్యి శాలిహోత్ర మహర్షి తల మీద ఉంటుంది. వచ్చిన అతిథికి తన వంతు పిండి పెట్టి, పడుకోవడానికి చోటు చూపించిన ముని ఆయనేనని, ఆ అతిథే స్వామి అని స్థలపురాణం. మన పశువైద్యానికి ఆద్యుడిగా చెప్పుకునే అశ్వశాస్త్రకర్త పేరు కూడా శాలిహోత్రుడే. రొమ్ము క్యాన్సర్ నుంచి తేరుకుంటున్న మనిషికి ఒక కుక్క ఎలా తోడవుతుందో రాయాలంటే ఇంతకన్నా తగిన ఊరు దొరకదు.

ఇక్కడి స్వామిని వైద్య వీరరాఘవుడంటారు. అహోబిల మఠం పాలనలోని గుడి కాబట్టి అహోబిలం ఉన్న మన నంద్యాల సీమతోనూ దీనికి చుట్టరికం ఉంది. అమావాస్య నాడు, అందులోనూ తై అమావాస్య నాడు, హృత్తాపనాశిని పుష్కరిణి మెట్లు జనంతో నిండిపోతాయి. ఒక ఆమె కొంగులోంచి బెల్లం ముక్క తీసి నీళ్లలో వదులుతుంది. పక్కనే ఇంకొకరు పాలు పోస్తారు. బెల్లం కరిగినట్టే జబ్బూ కరగాలని మొక్కు. కన్ను, చెయ్యి, కాలు అచ్చువేసిన సన్నని రేకులు హుండీలో పడతాయి. ఏ అవయవం బాధపెడితే ఆ రేకు. ఒంట్లో బాధ ఎక్కడుందో నోరు విప్పి చెప్పడానికి బిడియపడే ఆడవాళ్లకు ఆ రేకు ఎంత ఊరటో ఊహించవచ్చు.

పడమటి వైపు, నలభై కిలోమీటర్ల చిల్లర దూరంలో, మురుగన్ కొండ తిరుత్తణి. అక్కడ మొక్కంతా కాళ్లతోనే. ఆడికృత్తికకు నగరి, పుత్తూరు వైపు నుంచి తెలుగు కుటుంబాలు పూలకావళ్లు భుజాన వేసుకుని వస్తాయి. కొండకు 365 మెట్లు, ఏడాదికి రోజులెన్నో అన్ని. మెట్టుమెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి పైకి సాగే ఆడవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. డిసెంబరు 31 రాత్రి జరిగే మెట్ల ఉత్సవానికి మూలపురుషుడు వళ్లిమలై సచ్చిదానందస్వామి. ఇంగ్లిషు కొత్త సంవత్సరం నాడు జనం తెల్లదొరల ఇళ్లకు సలాం చేయడానికి పోతుంటే, ఆ కాళ్లను ఈ కొండ వైపు మళ్లించాడాయన. పూర్వాశ్రమంలో మైసూరు రాజభవనంలో వంటవాడు. వదలని కడుపునొప్పితో పళని చేరి, అక్కడే కోలుకున్నాడని ఆయన జీవితకథ చెబుతుంది.

1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే. సరిహద్దుల మార్పుతో మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడ్డాక అందులో చేరింది. జిల్లాలు మారినా పెద్ద జబ్బు చేస్తే జనం ఎక్కే రైలు మాత్రం మారలేదు, మద్రాసు రైలే.

ఆ మద్రాసులో 1954లో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 12 పడకలతో మొదలైంది. చెల్లెలు క్యాన్సర్‌తో కళ్లముందే పోవడం చూసిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుదలకు ఫలం అది. ఆమె కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి, 1955లో చేరిన డాక్టర్ వి. శాంత దాన్ని దక్షిణాది అంతటికీ ఆసరాగా నిలబెట్టారు. మొక్కులు మొక్కుతూ నెలలు గడిపి, గడ్డ ముదిరాక వచ్చే రోగి ఈ దేశంలో క్యాన్సర్ వైద్యులందరికీ తెలిసిన దుఃఖం. బెల్లం వదిలిన చేతులతోనే ఆసుపత్రి చీటీ కూడా పట్టుకోవాలి. ఇందులో మొహమాటానికి తావులేదు.

అప్పటి వైద్యమూ కఠినమైనదే. అమెరికాలో సర్జన్ హాల్‌స్టెడ్ 1894లో ప్రకటించిన పద్ధతి ప్రకారం రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు కూడా తీసేసేవారు. ముప్పావు శతాబ్దం పాటు అదే రాజ్యమేలింది. ఆపరేషనైన వైపు చెయ్యి వాస్తుందన్న భయంతో బరువెత్తొద్దు, జాగ్రత్త అంటూ ఆడమనిషిని మంచానికి కట్టేశారు. ఆ భయాన్ని 1996లో వాంకూవర్‌లో డాక్టర్ డాన్ మెకెంజీ సవాలు చేశాడు. రొమ్ము క్యాన్సర్ దాటిన 24 మంది స్త్రీలను పడవెక్కించి తెడ్లు వేయించాడు. చేతులు చెడిపోలేదు.

నడక సంగతి 2005లో తేటపడింది. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 2,987 మంది నర్సులను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు, వారానికి మూడు నుంచి ఐదు గంటల మామూలు నడకకు సమానమైన శ్రమ చేసినవాళ్లలో మరణాలు బాగా తక్కువగా ఉన్నట్టు చూశారు. నడకే కాపాడిందని దాన్నిబట్టి తేల్చి చెప్పలేం గానీ, కదలకుండా పడి ఉండమనే పాత సలహాకు మాత్రం కాలం చెల్లింది.

అయితే కొండ మొక్కు ఏడాదికోసారి. ఈ నడక రోజూ కావాలి. కీమో తర్వాతి నీరసం నిద్రతో తీరేది కాదు, లేచి గడప దాటడమే పెద్ద పని. కుక్క విలువ తెలిసేది అక్కడే. పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి, గొలుసు వైపు చూసి, తోకాడిస్తుంది. దాన్ని కాదనడం కష్టం. కుక్క ఉన్నవాళ్లు వారానికి కావలసినంత వ్యాయామం చేసే అవకాశం, కుక్క లేనివాళ్లతో పోలిస్తే, దాదాపు నాలుగింతలని లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో లెక్కగట్టారు. జుట్టు రాలిన తలను చూసి కుక్క జాలిపడదు, ప్రశ్నలు వేయదు. ఇరుగుపొరుగు చూపులకు జంకే మనిషికి అది చిన్న సాయం కాదు.

ఈ ఊళ్లకు కుక్కను గొలుసు పట్టుకుని తిప్పడం కొత్త అలవాటు. వెనకటి కుక్క అరుగు మీద పడుకుని, మిగిలిన అన్నం తిని, తన తిరుగుడు తనే తిరిగేది. వేటకుక్కలది వేరే లోకం. దక్షిణాన రాజపాళయంలో స్థిరపడిన తెలుగు రాజులు పెంచిన తెల్లని జాతికి 2005లో తపాలా బిళ్ల కూడా వచ్చింది. కానీ అది గట్టిగా లాగే కుక్క, ఆపరేషనైన వైపు చేతికి పనికిరాదు. నెమ్మదైన ఊరకుక్క చాలు. గొలుసు రెండో చేత్తో పట్టుకోవాలి. కుక్కకు రేబిస్ టీకా తప్పనిసరి. కీమోతో తెల్లకణాలు పడిపోయే రోజుల్లో గోటి గీత కూడా ప్రమాదమే కాబట్టి ఆ రోజుల్లో నడిపించవచ్చా లేదా అని డాక్టర్ని అడగాలి.

ఇక మిగిలింది దారి. చెన్నై–తిరుపతి రహదారి మీద లారీల పక్కన నీరసంగా ఉన్న మనిషి కుక్కతో నడవలేదు. యాత్రికులకు పండగ రోజుల్లో వేసే పందిళ్ల నీడ, తాగే నీళ్లు, కూర్చునే అరుగు ఈ రెండు ఊళ్లలోనూ ఏడాది పొడవునా ఒక మైలు మేరకైనా ఉండాలి. మునిసిపాలిటీలు తలుచుకుంటే ఇది పెద్ద ఖర్చు కాదు.