శబ్దసంధాన చరిత్ర



నేడు గ్రామములలో హరికథ జరిగినను, తిరునాళ్లలో నాటకమాడినను, వేదికకు ఎదురుగా వరుసలు వరుసలుగా మీటలుగల పెట్టె యొకటి కానవచ్చుచున్నది. దీనిని మిక్సరనియు, లోపలి పనియంతయు అంకెలతో నడచునట్టిదైనచో డిజిటల్ మిక్సరనియు వ్యవహరింతురు. కథకుని గొంతు, మృదంగము, హార్మోనియము వేర్వేరు పిల్లకాలువలవలె వచ్చి ఇందు కలిసి, ఒక్క ప్రవాహమై లౌడుస్పీకర్లకు పారును. ప్రతి కాలువకును తూము ఉన్నట్లే ప్రతి శబ్దమునకును ఒక మీట కలదు. పెట్టె క్రొత్తదే కాని, దానికి ఇతర యంత్రములను తగిలించు విధానము క్రొత్తది కాదు. దానికి సుమారు నూటయేబది సంవత్సరముల చరిత్ర కలదు.

ఆ చరిత్ర టెలిఫోనుతో మొదలగును. 1878 జనవరి 28వ తేదీన అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణమున 21 మంది చందాదారులతో తొలి వాణిజ్య టెలిఫోను ఎక్స్‌ఛేంజి తెరవబడెను. ఒకరి తీగను మరియొకరి తీగతో చేతితో కలుపవలసిన ఆ దినములలో, త్వరగా దూర్చుటకును లాగుటకును అనువైన పావు అంగుళపు ప్లగ్గు ఇట్టి ఎక్స్‌ఛేంజీలలో వాడుకకు వచ్చెను. చేతితో కలుపు ఎక్స్‌ఛేంజీలు కాలగర్భమున కలిసినవి. ప్లగ్గు మాత్రము దాదాపు అదే రూపమున నేటికిని గిటారునకును, కీబోర్డునకును తగులుచునే యున్నది.

దూరము పెరిగినకొలది తీగలలో రొద చొరబడుట యొక పెద్ద చిక్కాయెను. టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లో రెండు తీగలను పురివెట్టి నడుపు పద్ధతికి పేటెంటు పొందెను. తక్కెడ రెండు పళ్లెములపైనను దుమ్ము సమానముగా పడినచో ముల్లు కదలదు గదా! అట్లే జంటతీగలు రెండింటిపైనను రొద సమానముగా పడును. ఒకదానిపై శబ్దమును, రెండవదానిపై దానికి విలోమమును పంపి, చివర రెండింటి భేదమును మాత్రము గ్రహించినచో రొద తొలగి మాట మిగులును. మైకునకు నేడు వాడు మూడు ముల్లుల సంధి ఈ సూత్రముపైననే నిలిచినది. ఒక ముల్లు కవచమునకు, తక్కిన రెండును జంటతీగలకు. ఈ సంధిని లాస్ ఏంజిలిస్ నగరమున జేమ్స్ కానన్ 1915లో స్థాపించిన సంస్థ రూపొందించినది, దానిని ఎక్స్.ఎల్.ఆర్. అందురు.

కొన్ని మైకులకు తమ పనికై విద్యుత్తు కావలయును. నార్వే దేశపు శీతకాలము మిక్కిలి చీకటిగా నుండుటచే అచ్చటి రేడియో భవనములందు అత్యవసర దీపములకై 48 వోల్టుల ఏర్పాటు ఉండెడిది. 1966లో జర్మనీ దేశపు నాయ్‌మన్ సంస్థ ఆ రేడియోవారికై మైకులు చేయునపుడు, ఆ 48 వోల్టులనే మైకుతీగగుండ పంపు పద్ధతి యేర్పడెను. నేటి మిక్సరుపై 48 అని కనబడు మీటకు మూలమిదియే.

ఇంక అంకెల సంగతి. 1937లో పారిస్ నగరమున పనిచేయుచున్న ఆలెక్ రీవ్స్ అను ఆంగ్లేయ ఇంజనీరు శబ్దమును అంకెలుగా మార్చి పంపవచ్చునని యూహించెను. కాలువకడ లస్కరు గేజిరాతిని చూచి నియమితకాలమున నీటిమట్టమును పుస్తకమున వ్రాయును గదా, ఇదియు నట్టిదే. కాని ఇచ్చట సెకనునకు సాధారణముగా 48,000 పర్యాయములు మట్టము వ్రాయబడును. గేజిరాతిని మించి నీరు వచ్చినచో వ్రాయుటకు అంకె యుండదు. మైకు శబ్దమును మితిమీరి పెంచినపుడు గొంతు పగిలినట్లు వినబడుట ఇందుచేతనే. 1987లో జపాను దేశపు యమహా సంస్థ డి.ఎం.పి. 7 అను ఎనిమిది మార్గముల డిజిటల్ మిక్సరును విడుదల చేసెను.

అంకెల యంత్రములు రెండింటిని కలుపునపుడు ఒక క్రొత్త చిక్కు పుట్టినది. ఇద్దరు లస్కరుల గడియారములు వేరైనచో పుస్తకములు పొసగవు. అట్లే యంత్రముల గడియారములు కలియనిచో శబ్దమున టిక్కుటిక్కను తెగుళ్లు వినబడును. భజనమేళమున తాళము పట్టువాడొక్కడే యుండవలయును. తక్కినవారు అతని ననుసరింపవలయును. యంత్రములకును ఇదియే ధర్మము.

కావున సంధికి ఆకారము సరిపోయిన చాలదు, ఒడంబడికయు కావలయును. 1948లో న్యూయార్కు నగరమున శబ్దశాస్త్రజ్ఞుల సంఘమొకటి వెలసినది, దానిని ఏ.ఇ.ఎస్. అందురు. మన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైనదియు ఆ సంవత్సరముననే. ఆ సంఘము 1985లో రెండు మార్గముల శబ్దమును ఒకే తీగపై అంకెలుగా పంపుటకు నియమములు ప్రకటించెను. పాత మూడు ముల్లుల సంధినే వాడుకొనిరి గాని, తీగ మాత్రము దానికి తగినది వాడవలసియున్నది. అంతకు పూర్వమే, 1983లో, పరస్పరము పోటీపడు వాద్యనిర్మాతలు మిడి యను ఉమ్మడి భాషకు సమ్మతించిరి. అది శబ్దమును మోయదు. ఏ మెట్టు నెప్పుడు నొక్కవలయునో ఆజ్ఞను మాత్రము మోయును. అమెరికావాడైన డేవ్ స్మిత్, జపానువాడైన కాకెహాషి ఇందుకు ముఖ్యులు.

2006లో ఆస్ట్రేలియాలో స్థాపితమైన ఆడినేట్ అను సంస్థ డాంటే యను పద్ధతిచే, కంప్యూటరు తీగ యొక్కదానిపైననే అనేక శబ్దమార్గములను నడపెను. పద్ధతి మేలైనదే, కాని అది ఒక సంస్థ సొత్తు. ఇట్టి పద్ధతులు పలువురివి పుట్టి, ఒకరి యంత్రము మరియొకరి యంత్రముతో మాటాడని స్థితి కలుగగా, ఏ.ఇ.ఎస్. సంఘము 2013లో వానిని కలుపు నియమమును ప్రకటించినది.

ఈ చరిత్ర చెప్పు నీతి యొక్కటి. పావు అంగుళపు ప్లగ్గు, మూడు ముల్లుల సంధి, మిడి భాష నేటివరకు నిలిచినవి. అందుకు కారణము వాని గొప్పతనము మాత్రమే కాదు, పలువురు వానిని తమవిగా అంగీకరించుటయే. ఒక్కరి ఇంట మాత్రమే పలుకు సంధి ఆ యింటితోనే పోవును. దానితో అందు దాచిన గొంతులును పోవచ్చును. ఊరి ధనముతో యంత్రమును కొనునపుడు దాని వెలను, మీటలను మాత్రమే చూడక, అది ఉమ్మడి సంధులను కలిగియున్నదా యని విచారింపుడు. మన వృద్ధుల పాటను మనుమలు వినుట ఆ విచారణపైనను ఆధారపడియున్నది.