కందిపువ్వు చరిత్ర

చరిత్ర అనగానే మనకు రాజులూ, కోటలూ, యుద్ధాలూ గుర్తుకు వస్తాయి. ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, అటువంటివి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు గనుక, నేను ఒక పువ్వు చరిత్ర రాద్దామనుకున్నాను. అది మల్లె కాదు, గులాబీ కాదు. మనం రోజూ పప్పుగానో, చారుగానో తినే కంది తాలూకు పువ్వు.

1972 నుంచి 2006 వరకు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసిన నాకు కందితో పరిచయం పహాణీల ద్వారా కలిగింది (కోస్తా మిత్రులు అడంగల్ అంటారు). జొన్నలోనో, పత్తిలోనో సాళ్ళ మధ్య వేసిన కందిని మిశ్రమ పంటగా రాసేవాళ్ళం. తొలకరికి విత్తిన కంది, జొన్న కోసుకుపోయాక కూడా చేలో నిలబడి, పగళ్ళు కురచ అయ్యాక పూసి, సంక్రాంతికి అటూ ఇటూగా చేతికి వచ్చేది. అంత కాలం ఎందుకు పడుతుంది? చెట్టునిండా పూత ఉన్నా కాయ కొంచెమే ఎందుకు నిలుస్తుంది? వరిలో వచ్చిన మార్పు కందిలో ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులో సగం ఆ పువ్వులోనే ఉంది.

తలుపులు వేసిన ఇల్లు

కంది, బఠాణీ, శనగ, పెసర, మినుము, చిక్కుడు అన్నీ ఒకే కుటుంబం. పువ్వు చూడగానే ఆ సంగతి తెలిసిపోతుంది. వెనుక జెండాలాగా ఒక పెద్ద రేకు, పక్కల రెక్కల్లాగా రెండు, అడుగున కలిసి పడవలాగా ఉండే మరి రెండు. ఆ పడవలో పది కేసరాలుంటాయి. తొమ్మిది ఒక జట్టు, పదోది విడిగా. వాటి మధ్య, రేపు కాయ కాబోయే అండకోశం. పువ్వు విచ్చకముందే లోపల పుప్పొడి రాలి, బఠాణీలో ఇంటి సంబంధమే ఖాయమైపోతుంది. కందిలో మాత్రం తేనెటీగల పుణ్యమా అని పొరుగు పుప్పొడి కూడా కొంత వస్తుంది.

ఈ మూసిన తలుపులే ఒకరికి వరమయ్యాయి. ఆయన గ్రెగర్ మెండెల్ (1822-1884). ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో పట్టణంలో క్రైస్తవ మఠంలో సన్యాసి. 1856 నుంచి 1863 వరకు మఠం తోటలో బఠాణీ పెంచాడు. మొగ్గను ముందే విప్పి, కేసరాలు తీసివేసి, వేరే మొక్క పుప్పొడి అంటించేవాడు. ఆయన ఎంచుకున్న ఏడు లక్షణాల్లో రెండు పువ్వుకు సంబంధించినవి. ఒకటి రంగు, రెండోది పువ్వుల స్థానం, అంటే కాండం పొడుగునా కణుపుల దగ్గర పూయడమా, కొనన గుత్తిగా పూయడమా అన్నది. రెండో తరంలో 929 మొక్కలు లెక్కిస్తే 705 ఊదాపూలవి, 224 తెల్లపూలవి. స్థానం విషయంలో 858 మొక్కల్లో 651 కణుపు పూలవి, 207 కొన పూలవి. రెండు చోట్లా ఇంచుమించు మూడుకు ఒకటి. ఈ లెక్క నుంచే వంశపారంపర్య సూత్రాలు పుట్టాయి.

1865లో రెండు సభల్లో చదివి, 1866లో అచ్చువేసిన ఆ వ్యాసం విలువను 1900 వరకు ఎవరూ గుర్తించలేదు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఆర్.డిస్. కింద శాశ్వతంగా ఉంచవలసిన కాగితాన్ని లోకం ఎల్.డిస్. కింద కట్టిపెట్టింది. మెండెల్ చనిపోయిన పదహారేళ్ళకు ముగ్గురు శాస్త్రజ్ఞులు వేర్వేరుగా అవే ఫలితాలకు వచ్చి, ఆ కట్ట విప్పారు. తెల్లపువ్వుకు కారణం రంగును నడిపించే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడమని 2010లో తేలింది. కొన పూతకు కారణమైన జన్యువును బ్రిటన్, చైనా శాస్త్రజ్ఞులు కలిసి 2025లో ప్రకటించారు. మెండెల్ రాసిపెట్టిన లెక్కకు పూర్తి సమాధానం రావడానికి నూట అరవై ఏళ్ళు పట్టింది.

కొన ఆగాలా, సాగాలా

మొక్క కొనకు ఎప్పుడూ ఒక తీర్మానం ఉంటుంది. ఇంకా ఆకులు వేసుకుంటూ పైకి సాగాలా, లేక పూతతో అక్కడికి ఆగిపోవాలా? సాగమని చెప్పే జన్యువు ఒకటి ఉంది. దాన్ని శాస్త్రజ్ఞులు టీఎఫ్ఎల్1 అంటారు. (మెండెల్ చూసిన కొన పూత వేరు, ఇది వేరు.) ఈ జన్యువు చెడితే కొమ్మ చివర పూగుత్తి వచ్చి పెరుగుదల ఆగుతుంది. బఠాణీలోనూ, బీన్సులోనూ, సోయాలోనూ, కందిలోనూ ఈ పని చేసేది ఆ కుటుంబపు జన్యువే.

మన నాటు కంది సాగే రకం. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వారు కురచగా, గుబురుగా ఉండి, సుమారు నాలుగు నెలల్లో వచ్చే, పూతతో ఆగే రకాన్ని తయారుచేశారు. అది 1986లో ప్రగతి పేరుతో విడుదలైంది. కాలం కలిసివచ్చింది గాని, పూలన్నీ ఒక్కచోట గుత్తిగా ఉండటం పురుగుకు విందు అయింది. మారుకా మచ్చల పురుగు గుత్తిని గూడుకట్టి తినేస్తుంది. సాగే రకం అయితే మొదటి పూత పోయినా మరోసారి పూసి నిలదొక్కుకుంటుంది. మన పెద్దలు నాటు కందిని వదలకపోవడంలో ఆ వివేకం ఉంది.

పుప్పొడి లేని మొక్క

పత్తిలో కూలీలు చేత్తో పుప్పొడి అంటించి హైబ్రిడ్ విత్తనం తీస్తారు. ఒక్క కాయలో చాలా గింజలు వస్తాయి గనుక గిట్టుబాటవుతుంది. కందికాయలో ఉండేది మూడో నాలుగో గింజలు, పైగా పూత చాలావరకు రాలిపోతుంది. ఆ పద్ధతి ఇక్కడ పనికిరాదు. తనంత తానే పుప్పొడి లేకుండా పుట్టే మొక్క కావాలి.

అటువంటి మొక్కలు 1970లలో ఇక్రిశాట్ సేకరణలో దొరికాయి. వాటితో తయారైన ఐసీపీహెచ్ 8 అనే రకం 1991లో విడుదలైంది. పప్పుధాన్యాల్లో ప్రపంచంలోనే అది మొదటి హైబ్రిడ్. కాని విత్తన చేలో తల్లి సాళ్ళలోని మొక్కల్లో సగానికి పుప్పొడి ఉంటుంది. పూత సమయంలో మొక్క మొక్క దగ్గరా నిలబడి, పువ్వు విప్పి, కేసరాల కొనలు పసుపుగా ఉంటే ఆ మొక్కను పీకివేయాలి. ఖర్చు భరించలేక అది నిలవలేదు.

దారి చూపింది అడవి. ఒడిశా, బస్తర్ ప్రాంతాల్లో పెరిగే అడవికంది మన కందికి పూర్వీకురాలని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. దాన్ని తల్లిగా పెట్టి, సాగు కందితో మళ్ళీ మళ్ళీ కలిపితే, పుప్పొడి లేని గుణం తల్లి వైపు నుంచి మాత్రమే దిగివచ్చే వరుస ఏర్పడింది. ఇందులో మొక్కలు పీకే పని లేదు. డాక్టర్ కె.బి. సక్సేనా బృందం ఈ పద్ధతిలో తయారుచేసిన ఐసీపీహెచ్ 2671 మధ్యప్రదేశ్‌లో 2010లోనూ, ఐసీపీహెచ్ 2740 మన్నెంకొండ కంది పేరుతో తెలంగాణలో 2015లోనూ విడుదలయ్యాయి. రైతుల పొలాల్లో జరిపిన పరీక్షల్లో దిగుబడి సుమారు 30 శాతం పెరిగింది. ఈ మధ్యలోనే, 2011లో, ఆశ అనే రకం ఆధారంగా కంది జన్యుపటం మొత్తం వెలువడింది.

అయినా ఈ హైబ్రిడ్లు పల్లెల్లో విరివిగా కనిపించవు. ఏటా విత్తనం కొనాలి. విత్తన చేను మిగతా కందికి దూరంగా ఉండాలి, తేనెటీగలు సమృద్ధిగా రావాలి. ఈ పని ఓపికగా చేయించే యంత్రాంగం ఊళ్ళకు చేరలేదు. దేశంలో సగటు దిగుబడి ఇప్పటికీ హెక్టారుకు ఎనిమిది తొమ్మిది క్వింటాళ్ళ దరిదాపుల్లోనే ఉంది. మయన్మార్ నుంచీ, ఆఫ్రికా దేశాల నుంచీ కందులు తెప్పించుకుంటున్నాం. పింఛను మీద బతికే మనకు పప్పు ధర పెరిగిన నెల ఎట్లా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. కూలి కుటుంబానికి అది పిల్లల కంచంలోని మాంసకృత్తుల ప్రశ్న.

ఒక పువ్వు గుట్టు తెలుసుకోవడానికి ఇన్ని తరాలు పట్టింది. తెలిసినదాన్ని చేను దాకా చేర్చడం తెలుసుకోవడం కంటే చిన్న పనేమీ కాదు. మన సభ్యుల్లో పొలం ఉన్నవారు వచ్చే తొలకరికి దగ్గరలోని వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వెళ్ళి, తమ నేలకు ఏ కంది సరిపోతుందో అడిగి, రెండు సాళ్ళయినా వేసి చూడాలని నా మనవి. దిగుబడిని నాటు కంది పక్కన పెట్టి, తూకం వేసి, తేదీతో సహా రాసిపెట్టుకోండి. రాసిపెట్టిన లెక్క ఊరికే పోదు.